వనజీవి రామయ్యగారు - విత్తనాల ఆయుర్దాయం

2025 ఏప్రిల్ 12వ తేదీన ఖమ్మం పట్టణానికి సమీపంలోని రెడ్డిపల్లి గ్రామంలో దరిపల్లి రామయ్యగారు మరణించారు. ఈ పేరు చెబితే గుర్తుపట్టనివారు కూడా వనజీవి రామయ్య అనగానే గుర్తుపడతారు. చెట్టును మనం కాపాడితే చెట్టు మనలను కాపాడుతుందన్న అర్థం గల సంస్కృత వాక్యాన్ని ఒక పలక మీద రాసి మెడలో వేసుకొని, సైకిలు మీద మొక్కలు కట్టుకొని, జేబులలో గింజలు నింపుకొని, బాటల వెంటా కాలువగట్ల వెంటా తిరుగుతూ ఆయన జీవితం గడిపారు. ఆయన భార్య జానమ్మగారు ఈ పనిలో చివరిదాకా తోడుగా ఉన్నారు. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి ఆయన పని మొదలై దశాబ్దాలు గడిచిపోయినవి.

ఉద్యానవనం అనగానే మనకు హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్ వంటి చోటు మనస్సులో మెదలుతుంది. అక్కడ ప్రహరీ ఉంటుంది, ద్వారం ఉంటుంది, తోటమాలి ఉంటాడు, వేసవిలో నీరు పట్టేందుకు గొట్టాలుంటాయి. రామయ్యగారి తోటకు ఇవేవీ లేవు. ఆయనకు నెల జీతం ఇచ్చే శాఖ లేదు, పదవీవిరమణ వయస్సు లేదు. బాట అంచు, కాలువగట్టు, బడి ఆవరణ, గుడి ముందరి ఖాళీ జాగా - అందరివీ అయినందువల్ల ఎవరివీ కాకుండా పోయే ఇటువంటి స్థలాలనే ఆయన తన తోటగా భావించుకున్నారు. మనవంటి దేశంలో సామాన్యుడు నీడ కోసం ఆగేది కూడా ఎక్కువగా ఇటువంటి చోట్లనే గదా!

ఖమ్మానికి ఎగువన మహబూబాబాద్ జిల్లా ఉన్నది. ఆ జిల్లా మీదుగా పారే ఆకేరు ఖమ్మం దగ్గర మున్నేరులో కలుస్తుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినపుడు పూర్వపు వరంగల్ జిల్లా నుంచి విడివడి మహబూబాబాద్ జిల్లాలో చేరిన మండలాలలో పెద్దవంగర ఒకటి. ఏటి పొడవునా, ఎగువనా దిగువనా, వాన ఒకే తీరుగా కురుస్తుంది. సంవత్సరంలో పడే వానలో పెద్దభాగం జూను నుంచి సెప్టెంబరు లోపలనే పడిపోతుంది. తక్కిన ఎనిమిది నెలలూ మొక్క తన వేళ్లను నమ్ముకొని బ్రతకవలసిందే. పెద్దవంగర వంటి మండలాలలో ఊరూరా 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలనే పేరుతో చిన్న చిన్న ఉద్యానవనాలు వెలిసినవి. అంటే రామయ్యగారు ఒంటరిగా చేసిన పని ఇప్పుడు పంచాయతీల పని అయింది. కాబట్టి ఆయన పనిలోని కిటుకు ఏమిటో శాస్త్రదృష్టితో పరిశీలించడం కేవలం ఒక పెద్దమనిషిని స్మరించుకోవడం మాత్రమే కాదు.

రామయ్యగారు నాటిన మొక్కలు కోటికి పైగా అని చెబుతూ ఉంటారు. ఈ సంఖ్యను విని ఆశ్చర్యపడి ఊరుకోకుండా విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చు. కోటిని 50 సంవత్సరాలకు పంచితే ఏడాదికి 2 లక్షలు, రోజుకు దాదాపు 550. వాననెలలు నాలుగే అనుకొంటే ఆ 120 రోజులలో దినమొక్కంటికి 1,600 దాటుతుంది. పలుగూ పారా పట్టుకొని గుంత తీసి మొక్క పెట్టి మన్ను అదిమే పద్ధతిలో ఇద్దరు మనుషుల వల్ల ఇది అయ్యేది కాదు. మరి ఎట్లా అవుతుంది? గింజల వల్ల అవుతుంది. గింజలు చల్లడం, గింజలు పంచడం, పెంచిన మొక్కలను పదిమందికీ ఇచ్చి నాటించడం - ఇవన్నీ కలిస్తేనే అంత పెద్ద సంఖ్య ఊహకు అందుతుంది. రామయ్యగారిని మొక్కలు నాటిన మనిషిగా చెప్పుకుంటున్నాము గాని, గింజలు ఏరిన మనిషి అని చెప్పుకుంటే ఆయన పని స్వరూపం ఇంకా బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

గింజ ఏరడం తేలిక పని అనిపిస్తుంది. కాని అందులో ఒక చిక్కున్నది. గింజకు ఆయుర్దాయం ఉన్నది. అది అన్ని చెట్లకూ ఒకటి కాదు.

గింజలో ఒక పసిమొక్క, దానికి కొన్నాళ్లకు సరిపడే ఆహారం, రెంటినీ కప్పిన బీజకవచం ఉంటాయని మన విద్యార్థులు చదువుకున్నదే. ఆ పసిమొక్క నిద్రావస్థలో ఉన్నా ప్రాణం ఉన్నదే; అతి మెల్లగానైనా శ్వాసిస్తూనే ఉంటుంది. చెట్టు మీద పండేటపుడు చాలా రకాల గింజలు తమలోని నీటిని వదులుకొంటూ వస్తాయి. చివరకు బరువులో నూటికి 5 నుంచి 10 వంతుల నీరు మాత్రమే మిగులుతుంది. అంత నీరు పోతే మామూలు జీవకణం చచ్చిపోతుంది. ఈ గింజల కణాలలో కొన్ని చక్కెరలూ కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తులూ చేరి, లోపలి పదార్థాన్ని గాజువలె గట్టిపరచి, దాని నిర్మాణం చెదరకుండా పట్టి ఉంచుతాయి. వరి, కంది, చింత, తుమ్మ ఈ తెగలోనివి. వీటిని ఎంత ఎండబెడితే అంత మేలు. హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి ఒక మోటు సూత్రం చెప్పాడు: గింజలోని తేమ నూటికి ఒక వంతు తగ్గినప్పుడల్లా దాని ఆయువు ఇంచుమించు రెట్టింపు అవుతుంది; ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే. మన రైతులు విత్తనాలను బాగా ఎండబోసి బూడిద కలిపి కుండలో పోసి మూత పెట్టడంలో ఉన్న రహస్యం చాలావరకు ఇదే.

ఎండిన గింజ ఎంతకాలం బ్రతకగలదో చూడడానికి 1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రాచార్యుడు 20 సీసాలలో ఇసుకతో కలిపి 21 రకాల గింజలు పోసి భూమిలో పాతిపెట్టాడు. ఆయన పోయినా ఆ ప్రయోగం ఆగలేదు. తరువాతి తరాల వారు ఒక్కొక్క సీసానే తవ్వి తీస్తూ వచ్చారు. 2021లో తీసిన సీసాలోని గింజలు కొన్ని, 142 సంవత్సరాల తరువాత, మొలకెత్తినవి! అవి ఏ మహావృక్షపు గింజలో కావు. వెర్బాస్కమ్ అనే ఒక కలుపుమొక్కవి. కలుపు ఎందుకు తీసినకొద్దీ వస్తుందో రైతుకు చెప్పనక్కరలేదు.

ఇక రెండవ తెగ గింజలున్నవి. వీటికి ఎండడం అంటే చావడమే. మామిడి టెంక, పనస గింజ, నేరేడు గింజ ఇటువంటివి. ఇవి పండులోంచి బయటపడేటప్పటికే నీటితో నిండి, మొలకెత్తడానికి సిద్ధమై ఉంటాయి. అల్మారాలో దాచిపెట్టి వచ్చే ఏడు నాటుదామనుకొంటే కుదరదు. ఇప్ప గింజా ఇంచుమించు ఇదే స్వభావం కలది. ఈ చెట్లకు అటువంటి దాపరికం అవసరం పడలేదు. వాటి పండ్లు సరిగ్గా తొలకరి వేళకు పక్వానికి వస్తాయి. గింజ నేలను తాకిన నాలుగు రోజులకు వాన పడుతుంది. దాచుకోవలసిన పని లేనివాడు గాదె కట్టుకోడు గదా.

ఈ రెంటికీ నడిమిది వేప. మన ప్రాంతంలో వేపపండ్లు ఎక్కువగా జూను, జూలై నెలలలో రాలుతాయి. గుజ్జు కడిగి నీడన ఆరబెట్టిన గింజలు మొదటి పది పదిహేను రోజులలో బాగా మొలుస్తాయి. ఆ పైన వాటి అంకురణశక్తి త్వరత్వరగా పడిపోతుంది. మామూలుగా మూట కట్టి ఉంచిన వేపగింజలలో రెండు మూడు నెలల తరువాత బ్రతికి ఉండేవి బహు కొద్ది. నూనె మరకు పనికివచ్చే గింజ మొలకకు పనికిరాకపోవచ్చు. పైకి రెండూ ఒకటిగానే కనబడతాయి.

ఇప్పుడు దీని ఫలితం ఆలోచించండి. వచ్చే వానలకు మొక్కలు కావాలని నర్సరీవారు చలికాలంలోనో వేసవిలోనో సంచులు నింపుతారు. అప్పటికి చేతికి వచ్చే గింజలేవి? దాచుకోగలిగినవే. కిందటి జూన్‌లో రాలిన వేప, నేరేడు, ఇప్ప గింజలు అప్పటికి చచ్చి ఉంటాయి. వాటి మొక్కలు కావాలంటే పండు రాలిన వానాకాలంలోనే గింజ వేసి, పైఏటి వానలదాకా పోషించవలె. సంవత్సరం పొడుగునా నీళ్లు పోసే ఓపిక లేనిచోట, కొమ్మ గుచ్చితే వచ్చేవి, గింజ దాస్తే ఆగేవి, త్వరగా ఎదిగేవి మాత్రమే సంచులలోకి ఎక్కుతాయి. అవే పార్కులలోకి వస్తాయి. మన ఉద్యానవనాలలో ఏ చెట్లుండాలో సగం మన అభిరుచి నిర్ణయిస్తే, సగం గింజల ఆయుర్దాయం నిర్ణయిస్తున్నదన్న మాట. కాలినడకన, సైకిలు మీద తిరుగుతూ పండు రాలినప్పుడు గింజ ఏరి ఆ వానలోనే నేలలో వేసే మనిషికి ఈ ఇబ్బంది లేదు. అతని గాదె అతని జేబే.

ఎక్కువకాలం బ్రతికే గింజలతో చిక్కే లేదని అనుకోకండి. వాటి చిక్కు వేరు. అవి లేవవు! రేల చెట్టు సంగతే చూడండి. బంగారు గొలుసులవలె వేలాడే పూలతో వేసవిలో దారులకు అందం తెచ్చే ఆ చెట్టు గింజను నేలలో పెట్టి నీళ్లు పోస్తే నెలల తరబడి ఉలకదు, పలకదు. దాని కవచంలోని పైపొర కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకొని నిలువుగా పేర్చినట్లుండి, నీటిచుక్కను లోపలికి పోనీయవు. నీరు చేరనిదే లోపలి రసాయనిక క్రియలు మొదలు కావు. తుమ్మ, చింత గింజల కవచాలు కూడా గట్టివే. ఆకురాయి మీద ఒకవైపు కొద్దిగా అరగదీసినా, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టినా ఈ కవచం సడలుతుంది. చింతగింజకైతే మామూలు నీళ్లలో నానబెట్టడమే చాలా వరకు సరిపోతుంది.

ప్రకృతిలో ఈ పని జంతువులు చేస్తాయి. తుమ్మకాయలను మేకలు ఇష్టంగా తింటాయి. వాటి కడుపులోని ఆమ్లాలకు గింజ కవచం మెత్తబడుతుంది. మంద పడుకొన్న చోట ఊడ్చి తెచ్చిన తుమ్మగింజలు చెట్టు మీద కోసిన వాటికంటే బాగా మొలుస్తాయని అటవీశాఖవారికి చిరకాలంగా తెలుసు. రేల కాయలోని తియ్యని గుజ్జు కోసం కోతులు, నక్కలు, ఎలుగుబంట్లు దానిని తిని గింజలను దూరదూరాలకు చేరుస్తాయి. టేకు కాయది మరొక తీరు. దాని గట్టి పెంకు లోపలి గింజ బయటపడడానికి తడుపుతూ ఎండబెడుతూ కొన్ని రోజులు సతాయించవలె.

మర్రి, రావి గింజల కథ మరీ చిత్రమైనది. ఆవగింజకన్నా చిన్నవైన ఈ గింజలలో దాచుకొన్న ఆహారం దాదాపు లేదనే చెప్పవచ్చు. అందువల్ల మొలకెత్తిన వెంటనే వెలుతురు కావాలి, తడి ఆరకూడదు. మామూలు నేల మీద గడ్డి నీడన పడితే బ్రతకడం కష్టం. పక్షి రెట్టలో కలిసి పాత గోడ పగుళ్లలోనో, దిగుడుబావి రాళ్ల సందులోనో, తాటిచెట్టు మట్టల మధ్యనో పడితే బ్రతుకుతాయి. పల్లెలలో పెద్దలు రావిమొక్క కావలసివస్తే పాతబావి గోడ దగ్గరకు పోయి ఊడబెరికి తెచ్చి నాటడం ఇందువల్లనే. గోడనూ కాపాడినట్లవుతుంది, చెట్టూ దొరుకుతుంది.

మొలిచిన చెట్టు ఎక్కడ ఉండాలన్నది తరువాతి ప్రశ్న. కాలువగట్టుకు కానుగ తగినది. దాని వేళ్లు కొన్నాళ్లు నీట మునిగినా ఓరుస్తాయి, నీరు బందయినపుడు ఎండకూ ఓరుస్తాయి. పైగా చిక్కుడు కుటుంబానికి చెందినది కావడం వల్ల దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలం చేకూరుస్తాయి. ఏటి ఒడ్డుకు తెల్లమద్ది తగినది. దానిని ఏరుమద్ది అని పిలవడంలోనే దాని చిరునామా ఉన్నది. గట్టును పట్టి ఉంచే వేళ్ల విలువ ఆకేరు, మున్నేరు ఒడ్లవారికి 2024 సెప్టెంబరు 1వ తేదీ వరదలలో మరొకసారి అనుభవానికి వచ్చింది. అంతటి వరదను చెట్లు ఆపలేవు. కాని వరద తీసిన తరువాత ఒడ్డు ఎంత మిగిలిందన్నది వేళ్లను బట్టి ఉంటుంది.

బాట పక్క చెట్టుకు ఉండవలసిన ముఖ్యగుణం మే నెలలో నీడ ఇవ్వడం. వేప, కానుగ, రావి - ఈ మూడూ వేసవి ముదరక ముందే పాత ఆకులు రాల్చి కొత్త ఆకులు తొడుగుతాయి. లోతుకు పోయిన వేళ్లు అడుగు తేమను అందిస్తూ ఉండగా, ఎండ మండేవేళకు అవి నిండు ఆకులతో ఉంటాయి. టేకు అట్లా కాదు. అది నీటిని ఆదా చేసుకోవడానికి వేసవి అంతా మోడై నిలబడుతుంది. కలపకు టేకును మించినది లేదు గాని, మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడినవానికి అది చేసే ఉపకారమేమీ లేదు. మడగాస్కర్ ద్వీపం నుంచి వచ్చిన గుల్‌మొహర్ చూపుకు అందమైనదే. కాని దాని కొమ్మలు పెళుసు, గాలివానకు బాటమీద విరిగిపడతాయి.

తోడు లేకుండా బ్రతకలేని చెట్లు కూడా ఉన్నవి. శ్రీగంధం పచ్చని ఆకులతో తన ఆహారం తాను వండుకొంటుంది. కాని దాని వేళ్లు ఇరుగుపొరుగు మొక్కల వేళ్లను చూషకాలతో పట్టుకొని నీరు, లవణాలు గుంజుకొంటాయి. ఇటువంటి మొక్కను అర్ధపరాన్నభుక్కు అంటారు. అందుకనే గంధపు మొక్కను పెంచే సంచిలో పక్కనే ఒక కంది మొక్కను పెంచుతారు. ఈ సంగతి తెలియక ఒంటరిగా నాటి, రెండేళ్లకు ఎండిపోగా నేలను నిందించేవారున్నారు.

నర్సరీ సంచి గురించి కూడా ఒక మాట. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్క తల్లివేరు అడుగు తగిలి గుండ్రంగా చుట్టుకుపోతుంది. నాటిన తరువాత కూడా ఆ చుట్ట విడిపోక, వేరు లోతుకు దిగక, నాలుగైదేళ్లకు పెద్దగాలికి చెట్టు కూకటివేళ్లతో పడిపోవచ్చు. ఉన్నచోటనే గింజ నుంచి మొలిచిన మొక్క మొదట పైకి ఎదగదు. దాని బలమంతా తల్లివేరును కిందికి దించడానికే వెచ్చిస్తుంది. కాని చల్లిన గింజలలో చీమలకూ ఎలుకలకూ పోయేవి, కలుపులో అణగిపోయేవి, మేకల నోట పడేవి అధికం. అందువల్ల ఒక పద్ధతి మంచిదీ మరొకటి చెడ్డదీ అనడానికి వీలులేదు. రామయ్యగారు రెండూ చేశారు: మొక్కలూ మోశారు, గింజలూ చల్లారు.

1950 జూలైలో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటి నుంచి మనదేశంలో ఏటేటా నాటిన మొక్కల సంఖ్యలు ప్రకటిస్తూనే ఉన్నారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైన తరువాత ఈ సంఖ్యలు కోట్లలోకి వెళ్లినవి. బ్రతికినవి ఎన్ని అన్న ప్రశ్నకు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చోటు ఇచ్చింది. నాటిన వాటిలో నూటికి 85 బ్రతికించే బాధ్యత గ్రామపంచాయతీ మీద పెట్టింది. ఈ 85 అన్నది ఏ వేసవి తరువాత లెక్కించినదో అడగడం మాత్రం మరువరాదు. ఏటా నూటికి 15 చొప్పున పోతూ ఉంటే మొదటి వేసవి దాటేటప్పటికి 85, రెండవదానికి 72, మూడవదానికి 61 మాత్రమే మిగులుతాయి. వేరు అడుగు తేమను అందుకొనేదాకా, అంటే సాధారణంగా మూడు వేసవులు, కాపలా, నీరు తప్పవు. రోజూ అదే బాట వెంట తిరిగే మనిషి ఒకడుండడం వల్ల కలిగే లాభం ఇక్కడ తెలుస్తుంది. నాటిన మొక్క దగ్గరకు మళ్లీ వెళ్లేవారు లేనిచోట ఏ చట్టమూ నీళ్లు పోయలేదు.

ఇందులో కొంత భాగాన్ని బడిలోనే పరీక్షించి చూడవచ్చు. బడులు తెరిచే జూన్‌లోనే వేపపండ్లు రాలుతూ ఉంటాయి కాబట్టి సమయం కూడా కలిసివస్తుంది. నేలమీద కొత్తగా రాలిన పసుపుపచ్చని పండ్లు ఏరి, గుజ్జు పిసికి కడిగి, 100 గింజలు నీడన రెండురోజులు ఆరబెట్టండి. వాటిని 25 చొప్పున నాలుగు గుడ్డసంచులలో పోసి గాలి తగిలే చోట ఉంచండి. మొదటి సంచిలోనివి మూడవ రోజున, రెండవదానివి రెండు వారాలకు, మూడవదానివి ఐదు వారాలకు, నాలుగవదానివి పది వారాలకు, ఒకే రకం మట్టి నింపిన కుండీలలో అరంగుళం లోతున నాటి, రోజూ సమానంగా తడుపుతూ, ఒక్కొక్క కుండీలో నాలుగు వారాలపాటు మొలకలు లెక్కించండి. పోలిక కోసం చింతగింజలను కూడా ఇదే విధంగా విభజించి, నాటే ముందు ఒక రాత్రి నానబెట్టి వేయండి. వారాలను అడ్డంగాను, నూటికి ఎన్ని మొలిచినవో నిలువుగాను గుర్తించి గీసిన పటంలో చింత గీత ఇంచుమించు సమంగా సాగుతుంది, వేప గీత కిందికి వాలుతుంది. ఏ వారంలో ఎంత వాలినదన్నది గింజలు ఆరబెట్టిన తీరును బట్టీ, ఆ ఊరి గాలిలోని తేమను బట్టీ మారుతుంది కాబట్టి, పెద్దవంగర బడి పటమూ ఖమ్మం బడి పటమూ అచ్చంగా సరిపోలనక్కరలేదు.